ఏ బడికి పోతావు అబ్బయా? – అడుగని ప్రశ్నకు ఒక చరిత్ర

గత వేసవిలో మా అమ్మాయి హైదరాబాదు నుండి ఫోను చేసినది. మనవడు అయిదవ తరగతి ముగించినాడు. వాడు చదువుతున్న బడి అయిదవ తరగతితోనే ఆగిపోవును కనుక ఆరవ తరగతికి క్రొత్త బడి చూడవలసి వచ్చినది. "మూడు బడులు చూశాం నాన్నా. మూడూ మాకు సమ్మతమే. ఏది కావాలో వాణ్ణే చెప్పమన్నాం. వారం రోజులు గడువు అడిగాడు" అన్నది.

నాకు నవ్వు వచ్చినది. పదేండ్ల బిడ్డ గడువు అడుగుటయా! "వాడికేం తెలుసునమ్మా? మీరే ఏదో ఒకటి నిశ్చయించండి" అన్నాను. అవతల కొంతసేపు మాట లేదు. పిదప మెల్లగా, "నన్నెవరూ అడగలేదు నాన్నా" అన్నది. అంతే. ఆపైన ఎండల గురించి, నా మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి ఫోను పెట్టివేసినది.

మూడు దశాబ్దములకు పైగా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు బడులలో తెలుగు పండితుడుగా పనిచేసినవాడను. వందలాది పిల్లలను ఆరవ తరగతిలో చేర్చుకొన్నాను. చేర్పు పత్రములో పేరు, ఇంటిపేరు, తండ్రిపేరు, పుట్టిన తేదీ, కులము, మాతృభాష, పుట్టుమచ్చలు – ఇన్ని గడులు నింపినాను. "ఈ బడిలో చేరుట నీకు ఇష్టమేనా?" అను గడి ఆ పత్రములో లేదు. లేదన్న సంగతి కూడ ఇన్నేండ్లలో నాకు తోచలేదు. అమ్మాయి మాటతో ఆ లోటు కనబడినది. ఆ ప్రశ్నను మన దేశములో ఎవరు ఎవరిని ఎప్పుడు అడిగినారో వెదుకుట మొదలుపెట్టినాను. ఆ వెదుకులాటలో దొరికినవి ఇక్కడ కూర్చుచున్నాను.

*

పండితుడను కనుక ముందుగా పాత గ్రంథముల వంకకే చేయి పోయినది. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని కథ చదువరులెఱిగినదే. ఆ బాలుడు తానై తల్లియొద్దకు పోయి, గురుకులమునకు పోయి చదువుకొనదలచితిననియు, తన గోత్రమేమో చెప్పుమనియు అడుగుతాడు. తెలియదని తల్లి ఉన్నమాట చెప్పినది. ఆ ఉన్నమాటనే బాలుడు హారిద్రుమత గౌతముని ఎదుట చెప్పినాడు. నిజము దాచనివాడు శిష్యుడగుటకు తగినవాడని గౌతముడు చేర్చుకొన్నాడు. ఈ కథను తరగతిలో ఎన్నోమారులు చెప్పినాను. ప్రతిమారు సత్యవాక్యమును గురించియే చెప్పినాను. చదువుకొనవలెనని, ఫలాని గురువు కడకు పోవలెనని నిశ్చయించినది బాలుడే అన్న సంగతి నా కన్ను దాటిపోయినది. తల్లి చేసినది అడ్డు చెప్పకుండుట, తనకు తెలిసినంత చెప్పి పంపుట.

దీనికి ఎదురు కథ పోతనగారి భాగవతములో ఉన్నది. ప్రహ్లాదుని చండామార్కుల యొద్ద చదువవేసినది తండ్రి. బిడ్డడు ఏమి నేర్చినాడో చూడగోరి తొడపై కూర్చుండబెట్టుకొని అడిగినదీ తండ్రియే. తానెంచుకొన్న బడిలో తాను కోరిన చదువే అబ్బి ఉండునని హిరణ్యకశిపుని నమ్మకము. బిడ్డ మనసులోని మాట బయటపడగానే కథ అడ్డము తిరిగినది. భక్తి మాట ప్రక్కనబెట్టి చూచినచో, ఇది బిడ్డను అడిగియు, జవాబు వినలేని తండ్రి కథ కూడ. అడుగుట ఒక యెత్తు, వినుట మరియొక యెత్తు.

పురాణములు దాటి ఊళ్ళలోనికి వచ్చినచో అడుగవలసిన అగత్యమే ఎవరికిని కలుగలేదు. ఊరికొక వీధిబడి ఉన్నచో గొప్ప. అయిదవయేట పళ్ళెములో బియ్యము పోసి అక్షరాభ్యాసము చేసి, బిడ్డ చేయి పట్టి వ్రాయించి, అయ్యవారికి అప్పగించుట ఆచారము. కమ్మరి కొడుకు కొలిమి దగ్గరకు, గొల్లవారి పిల్లవాడు మంద వెంట, కరణముగారి అబ్బాయి లెక్కల కట్ట ముందుకు పోవుటయే పరిపాటి. ఆడపిల్ల సంగతి చెప్పనే అక్కరలేదు. మా నెల్లూరు జిల్లాకు గర్వకారణమైన పొణకా కనకమ్మగారు (1892–1963) బడి మెట్లెక్కి చదివినవారు కారు. చిన్ననాడే వివాహమై, అత్తవారింటనే స్వయంకృషితో విద్య గడించినారు. బడికి పోని ఆ ఇల్లాలే 1923లో నెల్లూరులో బాలికల కొరకు కస్తూరీదేవి విద్యాలయమును నెలకొల్పినారు. ఆ విద్యాలయ భవనమునకు 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసినారు. తనను ఎవరూ అడుగని ప్రశ్నకు ఆమె ఇతరుల బిడ్డల కొరకు జవాబు కట్టిపెట్టినారు.

*

మా జిల్లా పాత ఎల్లలలోనే మరియొక బాలుని కథ ఉన్నది. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ సంవత్సరము గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోనికి పోయి, 1970లో క్రొత్త జిల్లాకు కేంద్రమైనది. ఆ జిల్లా నేడు ఎవరి పేర ఉన్నదో ఆ టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872లో ఒంగోలు దాపున వినోదరాయునిపాలెములో జన్మించినారు. తండ్రి గతించిన పిదప తల్లి ఒంగోలులో పూటకూళ్ళు నడిపి బిడ్డలను సాకినది. బాలుడు అల్లరివాడు, నాటకముల పిచ్చివాడు. కాని ప్లీడరు కావలెనన్న కోరిక చిన్ననాడే మనసులో నాటుకొన్నది. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలు ఎక్కడను పుట్టనప్పుడు, తల్లి తన పట్టుబట్టను తాకట్టు పెట్టి ఆ రుసుము ఇచ్చినదని ఆయన ఆత్మకథ 'నా జీవితయాత్ర'లో ఉన్నది. అక్కడి ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు రాజమహేంద్రవరమునకు తరలిపోవునప్పుడు ఆ శిష్యుని కూడ వెంటబెట్టుకొని పోయి చదివించినారు.

ఈ కథను మనము తల్లి త్యాగముగా, గురువుగారి ఔదార్యముగా చెప్పుకొందుము. ఆ రెండును నిజమే. అయితే మధ్యలో ఒక బాలుని ఇష్టము ఉన్నది. ఆ ఇష్టమును తల్లి, గురువు ఇద్దరును లెక్కలోనికి తీసికొన్నారు. ఊరు కాని ఊరు, కన్నవారు లేని చోటు. ఇష్టము లేని బిడ్డనయితే ఏ గురువును అంతదూరము లాగుకొని పోజాలడు. ఆ బాలుడే 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి అయినాడు.

అదే కాలములో, 1890లో, ప్రభుత్వము గార్డియన్ల చట్టము చేసినది. తల్లిదండ్రులు లేని బిడ్డకో, తగవు పడిన తల్లిదండ్రుల బిడ్డకో సంరక్షకుని నియమించునప్పుడు, ఆ బిడ్డ బుద్ధిపూర్వకముగా ఇష్టము చెప్పగల వయసులో ఉన్నచో న్యాయస్థానము ఆ ఇష్టమును కూడ ఆలోచింపవచ్చునని అందులో 17వ సెక్షనులో ఉన్నది. ఆ చట్టము నేటికిని అమలులోనే ఉన్నది. ఎవరి ఇంట పెరుగుదువని బిడ్డను అడుగుటకు నూటముప్పది యేండ్ల క్రిందటనే చట్టములో చోటు దొరికినది. ఏ బడిలో చదువుదువని అడుగుటకు మాత్రము ఇంటిలోనే చోటు దొరకలేదు.

*

ఈ ప్రశ్న దేశమంతటను ఒక్కసారిగా లేచిన సందర్భము సహాయనిరాకరణోద్యమము. 1920 డిసెంబరులో నాగపూరులో చక్రవర్తి విజయరాఘవాచారిగారి అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగినది. ప్రభుత్వ విద్యాలయముల బహిష్కారమును గురించి ఆ సభ చేసిన తీర్మానమును శ్రద్ధగా చదువవలసి ఉన్నది. పదునాఱేండ్లలోపు పిల్లల విషయములో పిలుపు తల్లిదండ్రులకు, సంరక్షకులకు మాత్రమే. పిల్లలకు కాదని ఆ తీర్మానములోనే విడమరచి చెప్పినారు. పదునాఱు నిండిన విద్యార్థులకయితే పిలుపు నేరుగా వారికే. ప్రభుత్వ విద్యాలయములలో చదువుట తమ అంతరాత్మకు విరుద్ధమని తోచినచో, ఫలితమేదైనను వెంటనే విడిచిపెట్టవలెనని. అనగా, బడిని గురించి బిడ్డకు సొంత అంతరాత్మ ఉన్నదని, అది ఫలాని వయసు నుండి లెక్కకు వచ్చునని ఒక మహాసభ గీత గీసి చెప్పినది. ఆ గీత సరియైన చోటనే ఉన్నదా అన్నది వేఱు మాట. గీయవలసిన గీత ఒకటి ఉన్నదని గుర్తించుటయే పెద్ద సంగతి.

ఆ గాలి మా జిల్లాకును వీచినది. 1921 ఏప్రిల్ 7న పెన్నానది ఒడ్డున పల్లిపాడులో గాంధీజీ స్వహస్తములతో పినాకినీ సత్యాగ్రహాశ్రమము ప్రారంభమైనది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగార్లు దాని స్థాపకులు. భూమి ఇచ్చినవారు పైన చెప్పిన కనకమ్మగారే. జాతీయవిద్య కోరిన మనవారికి అప్పటికే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల ఉన్నది. కోపల్లె హనుమంతరావు, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావుగార్ల కృషిఫలముగా అది 1910లో వెలసినది. మా బుచ్చిరెడ్డిపాలెము వారైన బెజవాడ గోపాలరెడ్డిగారు (జననము 1907) ఆ జాతీయ కళాశాలలో చదివి, అటుపై శాంతినికేతనమునకు పోయి రవీంద్రుని శిష్యులైనారు. ఉద్యోగమునకు త్రోవచూపు ప్రభుత్వ చదువును కాదని నడచిన త్రోవ అది. వంగభాష నేర్చి రవీంద్రుని రచనలను తెలుగు చేయుట, 1955లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి అగుట తరువాతి కథ.

పదునాఱు నిండనివారి మాట ఏమి? రాజమహేంద్రవరములో 1909లో పుట్టిన దుర్గాబాయిగారు పండ్రెండేండ్ల ప్రాయములోనే, ఇంగ్లీషు మాధ్యమమును బలవంతముగా రుద్దుటను నిరసించి బడి మానివేసినారు. మాని ఊరకుండక, తాను నేర్చిన హిందీని ఇతరులకు నేర్పుటకై బాలికల పాఠశాల పెట్టినారు. నాగపూరు తీర్మానపు లెక్కలో ఆమెకు మాట్లాడు వయసు రాలేదు. ఆమె లెక్కలో వచ్చినది. పిదప చాలయేండ్లకు ప్రైవేటుగా కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను చదివి, 1937లో ఆంధ్ర మహిళాసభ స్థాపించి, న్యాయశాస్త్ర పట్టము పొంది, రాజ్యాంగసభలో కూర్చున్నారు. 1958లో కేంద్రప్రభుత్వము నియమించిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు ఆమెయే అధ్యక్షురాలు.

ఇక్కడ రెండవ వైపు కూడ చెప్పకున్నచో చరిత్రకు అన్యాయము. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన పిమ్మట ఉద్యమము ఆగిపోయినది. విడిచివచ్చిన వేలాది విద్యార్థులలో చాలమంది తిరిగి పాత బడులకే పోయినారు. జాతీయ పాఠశాలలు అనేకము నిధులు లేక మూతపడినవి. కొందరి చదువు అక్కడితోనే తెగిపోయినది. అందరూ దుర్గాబాయిలు కారు. బిడ్డ మాట విన్నంత మాత్రమున మేలు జరిగితీరునని చరిత్ర చెప్పదు. ఆ మాట వెనుక నిలిచి చూచుకొను పెద్దలు ఉన్నచోట కొంత మేలు జరిగినది. లేనిచోట బిడ్డలే మూల్యము చెల్లించినారు.

*

ఇక నా సొంత గొడవ. మాది దుత్తలూరు దాపున ఒక చిన్నపల్లె. ఇప్పుడు దుత్తలూరు మండల కేంద్రము. 1985లో మండలములు ఏర్పడక ముందు అది ఉదయగిరి తాలూకాలోనిది. మెట్టభూమి, ఎఱ్ఱనేల, సజ్జ, జొన్న, వానకు ఎదురుచూపు. మా నాయన వేలిముద్రల మనిషి. 1971లో నేను అయిదవ తరగతి ముగించినాను. పెద్దచదువుకు రెండు త్రోవలు. ఆత్మకూరులో మేనమామ ఇల్లున్నది. అక్కడయితే తిండికి, పడకకు దిగులు లేదు. ఉదయగిరిలో మాకెవ్వరును లేరు. మా ఊరి పెద్దపిల్లలు ఇద్దరు గది అద్దెకు తీసికొని, తామే వండుకొని చదువుచున్నారు. ఇంటిలో అందరును ఆత్మకూరు అన్నారు. అమ్మ అన్నది, అవ్వ అన్నది, మామ స్వయముగా వచ్చి అన్నాడు.

ఆ రాత్రి నాయన వాకిట్లో మంచమువాల్చుకొని నన్ను పిలిచినాడు. "ఏం అబ్బయా, సదివేది నువ్వు గదా. నువ్వేడికి పోతావు?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. అంతవరకు నన్ను ఎవరును ఏదియు అడిగి ఎఱుగరు. కొంతసేపటికి "ఉదయగిరి" అన్నాను. కారణమడిగినాడు. ఒకనాడు ఉదయగిరిలో, బడి ప్రహరీ బయట నిలుచుండి, లోపల తెలుగు అయ్యవారు రాగయుక్తముగా పద్యము చదువుచుండగా విన్నానని, ఆ బడిలో కూర్చుండి వినవలెనని ఉన్నదని చెప్పినాను. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలిచిన కోట ఆ కొండమీదనే ఉన్నదనియు, అక్కడి బాలకృష్ణ విగ్రహమును రాయలు విజయనగరమునకు తరలించినాడనియు మా అయిదవ తరగతి అయ్యవారు చెప్పినారు. ఆ కోటను రోజూ చూడవచ్చునన్న ఆశ కూడ లోపల ఉన్నది గాని, అది బయటికి చెప్పలేదు.

నాయన చాలసేపు ఊరకున్నాడు. "వండుకోను చేతనవునా?" అన్నాడు. నేర్చుకొందునన్నాను. "ఉగాది పండక్కి దాకా చూస్తా. చిక్కిపోయినావో, మామింటికే" అన్నాడు. అదీ షరతు. పదునైదు దినములకొకమారు సజ్జపిండి, చింతపండు, ఎండుమిరపకాయలు మూటగట్టుకొని వచ్చి, నా దండచేయి పట్టి చూచి పోయెడివాడు. ఉగాదికి నేను చిక్కియే ఉన్నాను. అయినను ఆయన ఏమియు అనలేదు. ఆ అయ్యవారి దగ్గర అయిదేండ్లు విన్నాను. తెలుగు పండితుడనయినాను. ఇంతకు మించి ఆ కథలో విశేషము లేదు.

నేను మా నాయనను చదువురానివాడని అనుకొంటూ పెరిగినాను. ముదలియారు సంఘపు నివేదిక ఏమి చెప్పినదో పండిత శిక్షణలో చదువుకొన్న రోజున కూడ నాకు ఆయన గుర్తుకు రాలేదు. కర్నూలులో పుట్టిన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియారుగారి అధ్యక్షతన సెకండరీ విద్యాసంఘము 1953లో తన నివేదిక ఇచ్చినది. పిల్లల అభిరుచులు వేఱువేఱు కనుక ఉన్నతపాఠశాలలలో ఒకే మూస చదువు తగదని, మానవశాస్త్రములు, విజ్ఞానశాస్త్రములు, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు శాఖలలో బిడ్డకు తగినది ఎంచుకొను వీలు ఉండవలెనని, అందుకు సలహా చెప్పు ఉపాధ్యాయులు బడిలోనే ఉండవలెనని ఆ సంఘము సూచించినది. బహుళార్థసాధక పాఠశాలలు అక్కడక్కడ వెలసినవి. మా మెట్టప్రాంతపు బడులకు ఆ శాఖలును రాలేదు, ఆ సలహాదారులును రాలేదు. నివేదికలో ఉన్న సారాంశమును మా నాయన మంచము మీద కూర్చుండి ఒక్క ప్రశ్నలో చెప్పినాడు.

*

నేను ఆరవ తరగతిలో చేరిన 1971లోనే నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రపు తొలి గురుకుల పాఠశాల ఆరంభమైనది. పి.వి. నరసింహారావుగారు అప్పుడు ముఖ్యమంత్రి. మరుసటి యేడు తాడికొండ, కొడిగెనహళ్ళి వచ్చినవి. ప్రవేశపరీక్ష వ్రాసి, నెగ్గి, ఇల్లు విడిచి పోవుట అను క్రొత్త మార్గము పల్లెపిల్లలకు తెరచుకొన్నది. 1986 జాతీయ విద్యావిధానముతో నవోదయ విద్యాలయములు విస్తరించినవి. మా జిల్లా నవోదయ మాకు ఇరుగున ఉన్న మర్రిపాడు మండలములోని కృష్ణాపురములోనే ఉన్నది. అయిదవ తరగతి పిల్లలు పరీక్ష వ్రాయవలెను. నాలుగింట మూడు వంతుల సీట్లయినను పల్లెపిల్లలకే. చదువు, భోజనము, వసతి సమస్తము ఉచితము. మా వంటి ప్రాంతమునకు అది వరము. నేను సాయంకాలములు ఊరి పిల్లలను కూర్చుండబెట్టి ఆ పరీక్షకు సిద్ధము చేయుచుండెడివాడను. నెగ్గినవారు మంచి స్థితికి వచ్చినారు. ఇప్పటికిని కనబడినప్పుడు వంగి నమస్కరింతురు.

వారిలో ఒకడు మాత్రము మఱపునకు రాడు. గొఱ్ఱెలు కాచుకొను ఇంటి బిడ్డ. లెక్కలలో వానికి సాటి లేడు. పరీక్షనాడు లెక్కల భాగమంతయు ఖాళీగా విడిచి వచ్చినాడని వాడే నోరు జారి తోటివారితో అన్నాడు. నేను కోపముతో పిలిచి అడిగినాను. తల వంచుకొని, "వస్తే పోవాల గదా సార్" అన్నాడు. ఇంట ముసలి తాత, వాడు తప్ప మరియొకరు లేరు. తాతను విడిచిపోవుట వానికి ఇష్టము లేదు. ఆ మాట చెప్పుటకు మేమెవ్వరమును వానికి చోటు ఇవ్వలేదు. తెల్లకాగితమొక్కటే వానికి దొరికిన చోటు. ముందే అడిగి ఉన్నచో తాత సంగతి ఏదో ఒకటి ఆలోచించి ఉందుము. సెలవులలో వచ్చిపోవు వీలున్నదని, దగ్గరలోనే గదా అని వానికి నచ్చజెప్పియైనను ఉందుము. అడుగనందున వాని చదువు పదవ తరగతితో ఆగినది. ఆ పాపములో నాకును పాలున్నది.

అంతటితోనైనను నాకు బుద్ధి రావలసినది. రాలేదు. 1997లో మా అమ్మాయి అయిదవ తరగతి ముగించినది. ఆ కాలమున నెల్లూరులో హాస్టలు బడుల మోజు ఉధృతముగా ఉన్నది. సాటి ఉపాధ్యాయుల పిల్లలందరు అక్కడనే. నేను పనిచేయు జిల్లాపరిషత్తు బడిలో నా బిడ్డను చేర్చినచో, చేతగానివాడని అందురేమోనన్న బెరుకు నాకు లోలోపల ఉన్నది. ఇప్పుడు ఒప్పుకొనుటకు సిగ్గు ఎందులకు? ఒక బడిలో డబ్బు కట్టి వచ్చి, రాత్రి భోజనమునప్పుడు చెప్పినాను. అమ్మాయి కంచములోనికి చూచుచు ఊరకున్నది. ఆ మౌనమును నేను అంగీకారముగా పద్దు వ్రాసికొన్నాను. అయిదేండ్లు చదివినది, మంచి మార్కులే వచ్చినవి, మంచి ఉద్యోగమే వచ్చినది. కనుక నేను చేసినది సరియైనదేనని నాకు రుజువు దొరికినట్లే ఉండెను, మొన్న వేసవిలో ఆ ఫోను వచ్చువరకు.

కొన్నాళ్ళకు నేనే ధైర్యము చేసి అడిగినాను, "అప్పుడు అడిగి ఉంటే ఏమనేదానివమ్మా?" అని. "మీ బడే అనేదాన్ని నాన్నా. మీరు పద్యం చెబుతుంటే నేనెప్పుడూ క్లాసులో కూర్చుని వినలేదు గదా" అన్నది.

ఉదయగిరి బడి ప్రహరీ బయట నిలుచున్న పదకొండేండ్ల పిల్లవాడు నాకు గుర్తుకు వచ్చినాడు. వానిని అడిగినవాడు ఒకడుండెను. నా బిడ్డకు ఆ భాగ్యము కూడ లేకపోయినది.

*

ఇంటి సంగతి ఇట్లుండగా, లోకము కొంత ముందుకు నడచినది. 1948లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన చేసినప్పుడు, బిడ్డలకు ఎట్టి విద్య ఇవ్వవలెనో ఎంచుకొను ప్రథమాధికారము తల్లిదండ్రులదని 26వ అధికరణములో వ్రాసినారు. నియంతల ఏలుబడిలో పిల్లలను ప్రభుత్వములు తమ మూసలలో పోసికొన్న దారుణమును కండ్లార చూచిన తరము వ్రాసిన మాట అది, ఆనాటికి సబబైనదే. నలుబది యొక్క యేండ్ల పిదప, 1989 నవంబరు 20న, బాలల హక్కుల ఒడంబడిక వచ్చినది. తనకు సంబంధించిన సమస్త విషయములలో అభిప్రాయము చెప్పు హక్కు బిడ్డకు ఉన్నదని, వయసును, పరిణతిని బట్టి ఆ అభిప్రాయమునకు విలువ ఇవ్వవలెనని దాని 12వ అధికరణము. 1992 డిసెంబరు 11న భారతదేశము అందులో చేరినది. నేను మా అమ్మాయిని అడుగక హాస్టలులో చేర్చుటకు అయిదేండ్ల ముందే నా దేశము ఆ మాట ఇచ్చి ఉన్నది. ఆ సంగతి మా స్టాఫురూములో ఎవ్వరికిని తెలియదు.

2014 మే 6న కర్ణాటక భాషామాధ్యమపు వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానపు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. ప్రాథమిక దశలో ఏ భాషలో చదువవలెనో ఎంచుకొను స్వేచ్ఛ బిడ్డదని, బిడ్డ తరఫున తల్లిదండ్రులదో సంరక్షకునిదో అని ఆ తీర్పు. ఆ వరుసను గమనింపవలెను. మొదట బిడ్డ, తల్లిదండ్రులు బిడ్డకు ప్రతినిధులు.

2019 నవంబరులో మన ప్రభుత్వము 1 నుండి 6 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమమును నిర్బంధము చేయుచు ఉత్తర్వులిచ్చినది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టివేసినది. అంతట ప్రభుత్వము వాలంటీర్ల ద్వారా ఇంటింటికి పత్రములు పంపి, ఏ మాధ్యమము కావలెనో తల్లిదండ్రులను అడిగినది. 96.17 శాతము ఇంగ్లీషు కోరినారని ప్రకటించినారు. ప్రభుత్వము సర్వోన్నత న్యాయస్థానమునకు కూడ పోయినది. తెలుగు పండితుడనైన నాకు ఆ అంకె చూచి మనసు కలుక్కుమన్నమాట నిజము. కూలికి పోవు తల్లి తన బిడ్డకు ఉద్యోగపు భాష కావలెనని కోరుటలో తప్పు పట్టుటకు నేనెవడను? ఆ వాదులాటలోనికి ఇప్పుడు పోను. నేను చెప్పవచ్చినది వేఱు. ఆ పత్రములో తండ్రి సంతకమునకు చోటున్నది. ఇంగ్లీషు కావలెనని రోజంతయు వాదించినవారును, తెలుగే కావలెనని వాదించిన నావంటివారును, ఆరవ తరగతి బిడ్డ ఏమనుకొనుచున్నదో ఒకమారు కనుగొందమని అనలేదు. ఇరువర్గములును ఆ ఒక్క విషయములో ఏకమైనవి.

*

బిడ్డ మాట వినుట యనగా బిడ్డ చెప్పినట్లెల్ల చేయుట కాదు. పదేండ్లవాడు స్నేహితుని కొరకు బడి కోరును, ఆటస్థలము కొరకు కోరును, బస్సులో కిటికీ ప్రక్క చోటు కొరకు కోరును. ఇవి చిన్న కారణములని మనము నవ్వుదుము. సాటివారి ముందు చిన్నతనమగునని నేను నెల్లూరు హాస్టలు ఎంచుకొన్న కారణము ఇంతకంటె పెద్దదా? మా నాయన పద్ధతియే నాకిప్పుడు శాస్త్రముగా కనబడుచున్నది. మొదట నిజముగా వీలైన త్రోవలనే బిడ్డ ముందుంచుట. ఇష్టమడిగి, కారణము కూడ అడుగుట. ఇబ్బంది దాచక చెప్పుట – వండుకొనుట చేతనగునా అని. ఒక గడువు పెట్టి, తప్పినచో తిరిగి వచ్చు దారి తెరచి ఉంచుట. అటుపై పదునైదు దినములకొకమారు మూట మోసికొని పోయి దండచేయి పట్టి చూచుట. ఈ చివరిది లేనిచో తక్కినవన్నియు వట్టిమాటలే. 1921లో బడులు విడిచిన పిల్లలలో ఎందరికో లోపించినది ఇదియే.

మనవడు వారము గడువు ముగియగనే తన నిర్ణయము చెప్పినాడు. మూడింటిలో దూరముగా ఉన్న బడియే కావలెనన్నాడు. కారణము: అక్కడ పెద్ద చింతచెట్టు క్రింద గ్రంథాలయము ఉన్నదట, చూడపోయిననాడు అక్కడి అమ్మగారు వానిని "నీకే పుస్తకమంటే ఇష్టము?" అని అడిగినారట. తక్కిన రెండు బడులలో వాని తల్లిదండ్రులతోనే మాట్లాడినారు, వానితో ఎవ్వరును మాట్లాడలేదు. "బస్సులో గంట పడుతుందిరా" అని తల్లి అన్నది. "దసరా దాకా చూద్దాం" అన్నాడట వాడు. ఆ మాట విని నేను ఉలికిపడినాను. ఉగాది దాకా చూస్తానన్న మనిషి పోయి ఇరువది రెండేండ్లయినది. ఆయనను వాడు చూడనే లేదు.

దసరాకు నేను హైదరాబాదు పోయినాను. సజ్జపిండి తీసికొని పోయినాను గాని, వాడు తినలేదు. దండచేయి పట్టి చూచినాను. "ఏంటి తాతా?" అన్నాడు. ఏమియు లేదన్నాను. బడి బాగున్నదా అని అడిగితిని. బస్సు ప్రయాణము విసుగేనని, అయినను మారనని చెప్పినాడు. తరువాత వాడే, "నువ్వు నాకు పద్యం నేర్పుతావా?" అని అడిగినాడు. ప్రక్కగదిలో గిన్నెలు సర్దుచున్న మా అమ్మాయి చేతిపని ఆపి వచ్చి గుమ్మము దగ్గర కూర్చున్నది.

ఆ సాయంకాలము ఇద్దరికిని పాఠము చెప్పినాను.

స్వస్తి.